ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు: ప్రజలతో కూడ నిలిచిన మనిషి



నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయము వచ్చినప్పుడు మనలో అనేకులు త్వరగా చదివి దాటిపోవుదురు. అందులో పేర్లు తప్ప మరేమియు లేవని తలంచుదురు. అయితే ఆ పేర్లు ఎవరివో కొంచెము ఆగి చూడుడి. యెరూషలేము ప్రాకారము కూలి పడియుండగా యాజకులు వచ్చిరి, కంసాలివారు వచ్చిరి, సుగంధద్రవ్యములు చేయువారు వచ్చిరి. షల్లూము అను అధికారి తన కుమార్తెలతో కూడ వచ్చి పని చేసెను. అనేకులు తమ తమ యిండ్లకు ఎదురుగానున్న భాగమును బాగుచేసిరి. తెకోవ ఊరివారు కూడ వచ్చిరి గాని ఆ ఊరి ఘనులు మాత్రము పనికి భుజము ఇయ్యలేదు. వచ్చినవారి పేర్లును, రానివారి సంగతియు, రెండును ఆ గ్రంథములో నిలిచియున్నవి. ఊరికి కష్టము వచ్చినప్పుడు మనిషి తానే వచ్చి నిలుచుట చిన్న సంగతి కాదని దీనివలన తెలిసికొనుచున్నాము.

ఈ నెల మేము అట్లు వచ్చి నిలిచిన ఒక తెలుగు మనిషి జీవితమును మీ యెదుట ఉంచుచున్నాము. ఆయనే ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. ఆయన మన సంఘమునకు చెందినవారు కారు, శ్రీరాముని భక్తులు. ఆ సంగతి దాచవలసిన పని లేదు. సమరయుని ఉపమానము చదువుకొను మనకు, మంచి పొరుగువాడు మన గుంపులోనివాడే అయి యుండవలెనను నియమము లేదు. శ్రీశైలము కొండల చుట్టు కాపురముండు మనకు ఈ కథ వినుటకు వేరొక కారణము కూడ కలదు. ఇది ఒక ఊరు ఊరంతయు ఇండ్లు విడిచి బయలుదేరిన కథ. ఊరు విడుచుట అను మాట వినగానే మన ప్రాంతము వారికి 1981వ సంవత్సరము జ్ఞాపకము వచ్చును. ఆ సంగతి తరువాత చెప్పుదుము.

గోపాలకృష్ణయ్యగారు 1889వ సంవత్సరము జూన్ 2వ తేదీన కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించిరి. పుట్టిన కొద్ది దినములకే తల్లి చనిపోయెను. తండ్రి ఉపాధ్యాయుడు. ఆయన కూడ బిడ్డ పసితనములోనే మరణించెను. తల్లిదండ్రులు లేని ఆ బిడ్డను బంధువులు పెంచిరి. చిన్ననాటనుండి ఆయనకు పాటలు, పద్యములు, వీధి నాటకములు అనిన ఎంతో ప్రీతి. బడి చదువు కంటె పల్లెటూరి ఆటపాటలే ఆయన మనస్సును ఎక్కువగా లాగెనని చెప్పవచ్చును. అయినను ఆయన బుద్ధి చురుకైనది. 1911లో తన స్నేహితుడు నడింపల్లి నరసింహారావుగారితో కూడ ఓడ ఎక్కి స్కాట్లండు దేశమునకు పోయి, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయములో చదివి ఎం.ఏ. పట్టము పొందిరి. ఆ కాలముననే ఆనందకుమారస్వామి అను గొప్ప కళాపండితునితో పరిచయము కలిగెను. వారిద్దరును కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఇంగ్లీషులోనికి మార్చగా అది 1917లో అమెరికాలో అచ్చయ్యెను.

ఇంత చదువు చదివిన మనిషి ఆ దినములలో ఏమి కావచ్చును? పెద్ద ఉద్యోగి కావచ్చును. పట్టణములో బంగళా, బండి, నౌకర్లు, అన్నియు సమకూరవచ్చును. ఆయన రాజమండ్రిలో కొంతకాలము, బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో కొంతకాలము పాఠములు చెప్పిరి. ఎక్కడను ఎక్కువకాలము ఇమడలేకపోయిరి. మాట దాచుకొను స్వభావము ఆయనకు లేదు. చివరకు గుంటూరు జిల్లాలోని చీరాలకు వచ్చి చేరిరి. చీరాల నేతగాండ్ర ఊరు. ప్రక్కనే పేరాల. మగ్గము చప్పుడు, నూలు, రంగులు, చుట్టు సేద్యపు పొలములు. ఎడిన్‌బరోలో చదివిన వ్యక్తి ఈ ఊరి సామాన్య జనుల నడుమ కాపురము పెట్టి, వారి భాషలోనే మాటలాడుచు, వారి పాటలే పాడుచు ఉండిరి. పిమ్మట జరిగిన దానికంతటికిని ఇదియే మూలము. కష్టము వచ్చిన దినమున పరుగెత్తుకొని వచ్చిన మనిషి కారాయన. అంతకు ముందే వచ్చి ఆ ఊరివాడై యుండిరి.

ఇక కష్టమేమో చెప్పెదము. చీరాల, పేరాల అంతవరకు యూనియనుగా నుండెను. అప్పుడు ఊరివారు చెల్లించు పన్ను మొత్తము సంవత్సరమునకు సుమారు 4,000 రూపాయలు. 1919 ప్రాంతమున మద్రాసు ప్రభుత్వము ఈ రెండు ఊళ్లను కలిపి మునిసిపాలిటీగా చేయ నిశ్చయించెను. దానితో పన్ను సుమారు 40,000 రూపాయలకు పెరిగెను. అనగా పది రెట్లు. మగ్గము మీద దినమంతయు కూర్చుండి కూలి తెచ్చుకొను నేతగానికి ఇది ఎంత భారమో మనము ఊహించుకొనవచ్చును. రాయలసీమలో వానలు తప్పిన సంవత్సరము శిస్తు కట్టవలసివచ్చిన మన తాతలకు ఆ భారము తెలిసియుండెను.

ఊరివారు మొదట న్యాయమైన దారినే నడిచిరి. అర్జీలు పంపిరి. అధికారులను కలిసికొనిరి. తమకు మునిసిపాలిటీ వలదని, యూనియనే చాలునని విన్నవించుకొనిరి. ఫలము కలుగలేదు. 1920 చివర ఏర్పడిన మంత్రివర్గములో స్థానిక స్వపరిపాలన శాఖ పానగల్లు రాజావారి చేతిలో ఉండెను. అక్కడను వారి మనవి చెల్లలేదు. ఎన్నికైన సభ్యులు రాజీనామాలు ఇచ్చిరి. జనులు పన్ను చెల్లించుట మానిరి. ఆ మీదట కేసులు పెట్టబడెను. 1921 ఆరంభమున పండ్రెండుగురు జైలుకు పోయిరి. వారిలో ఒక స్త్రీ కూడ ఉండెను. వారెవరును గొప్పవారు కారు. పన్ను కట్టి ఇంటిలో కూర్చుండ వీలున్నను తమ ఊరివారి కొరకు జైలు గడప దాటిరి.

ఇట్టి సమయములో గోపాలకృష్ణయ్యగారు చేసిన పని రెండు విధములైనది. మొదటిది, జనులకు క్రమశిక్షణ నేర్పుట. అంతకు ముందే ఆయన రామదండు అను సేవాదళమును కూర్చియుండిరి. కాషాయవస్త్రములు ధరించి, రామనామము పలుకుచు, సభలలో జనులను సర్దుట, దొమ్మి జరుగకుండ చూచుట వారి పని. 1921 మార్చి ఆఖరున బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘపు సమావేశములు జరిగినప్పుడు అశేషమైన జనము వచ్చెను. అక్కడ రామదండు చేసిన సేవను అందరును మెచ్చుకొనిరి. రెండవది, జనులకు ధైర్యము చెప్పుట. ఆయన నోట హాస్యము, పద్యము, పాట, తర్కము అన్నియు కలిసి వచ్చుచుండెను. చదువురాని వారికి కూడ సంగతి అర్థమగుచుండెను.

బెజవాడ సమావేశముల తరువాత గాంధీగారు 1921 ఏప్రిల్ 6వ తేదీన చీరాలకు వచ్చిరి. ఊరివారు తమ కష్టమును ఆయనకు తెలిపిరి. ఆయన వారి ముందు రెండు మార్గములు ఉంచిరి. ఊరిలోనే యుండి, హింస చేయక, పన్ను నిరాకరించి వచ్చిన శిక్షను అనుభవించుట ఒకటి. మునిసిపాలిటీ హద్దు దాటి వెలుపలకు పోయి నివసించుట మరియొకటి. మునిసిపాలిటీకి అధికారము దాని హద్దులలోపలనే గదా! అందులో మనుష్యులే లేకపోయినయెడల పన్ను ఎవరిమీద వేయవలెను? అయితే ఈ పని కాంగ్రెసు పూచీ మీద జరుగరాదనియు, ఊరివారు తమ బలము మీదనే ఆధారపడి చేయవలెననియు గాంధీగారు స్పష్టముగా తెలియజేసిరి.

గోపాలకృష్ణయ్యగారు రెండవ మార్గమును జనుల ముందు పెట్టిరి. వారు అంగీకరించిరి. ఏప్రిల్ ఆఖరు, మే ఆరంభ దినములలో, ఎండలు మండుచున్న కాలమున, సుమారు 15,000 మంది జనులున్న ఆ ఊళ్లనుండి 13,000 మందికి పైగా తమ ఇండ్లు విడిచి వెలుపలకు వచ్చిరి. ఒక్కసారి దీనిని కన్నులయెదుట తెచ్చుకొనుడి. ముసలివారు, బాలింతలు, చంటిబిడ్డలు, కుండలు, చాపలు, మగ్గపు సామాను, పశువులు. తాతలనాటి ఇంటికి తాళము వేసి తాటాకు పందిరి క్రిందికి వచ్చిరి. ఆ క్రొత్త ఊరికి రామనగరమని పేరు పెట్టిరి. తమ తగవులు తామే తీర్చుకొనుటకు ఏర్పాటు చేసికొనిరి. అన్ని కులముల వారికిని పరిపాలనలో చోటిచ్చిరి. గోపాలకృష్ణయ్యగారును వారి నడుమనే ఉండిరి.

ఆ పాకలలో వారు గడిపినది ఒక దినము కాదు, ఒక వారము కాదు, సుమారు పదకొండు నెలలు. ఎండాకాలము గడచెను. వానలు వచ్చెను. చలి వచ్చెను. పందిరి క్రింద మగ్గము నడుచుట కష్టము, పని నడువనిదే కూలి లేదు. చేతనున్న డబ్బు కరగిపోయెను. వారికి సహాయము కూర్చుటకై గోపాలకృష్ణయ్యగారు ఊరూరు తిరుగవలసివచ్చెను. అట్లు తిరుగుచు బరంపురమునకు పోయినప్పుడు అక్కడ బహిరంగముగా మాటలాడరాదని అధికారులు ఆజ్ఞ ఇచ్చిరి. ఆయన ఆ ఆజ్ఞను లెక్కచేయలేదు. ఆయనను పట్టుకొని ఒక సంవత్సరము జైలు శిక్ష విధించిరి.

ఇక్కడ మేము చదువరులను ఒక సంగతి గమనించుమని కోరుచున్నాము. నాయకుడు జైలులోనున్నాడు. పాటలు పాడి ధైర్యము చెప్పు గొంతు దూరమయ్యెను. అట్టి సమయమున మంద చెదరిపోవునని ఎవరైనను అనుకొందురు. కాని రామనగరపు జనులు ఆ తరువాత కూడ నెలల తరబడి అక్కడనే నిలిచిరి. దీనివలన ఆ పోరాటపు బలము వేదిక మీద మాటలాడినవాని యందు మాత్రమే లేదని తేలుచున్నది. పేరు తెలియని ఆ పదమూడు వేలమంది రోజు తెల్లవారగానే అక్కడ ఉండుటయే దాని బలము. ఒక్కొక్క కుటుంబము అక్కడ ఉన్నందువలన ప్రక్క పాకలోని కుటుంబమునకు ధైర్యము. మనము పోకపోతే ఏమి, ఒక్కరు తగ్గినంత మాత్రమున ఏమగునని ప్రతివాడును అనుకొనియుండినయెడల రామనగరము ఒక్క రాత్రి కూడ నిలిచియుండదు.

కథ ముగింపు సంతోషకరమైనది కాదు. దానిని మార్చి చెప్పుట మాకు తగదు. ప్రభుత్వము దిగిరాలేదు. మునిసిపాలిటీ రద్దు కాలేదు. 1922 ఫిబ్రవరిలో గాంధీగారు దేశమంతట శాసనోల్లంఘనము నిలిపివేసిరి. నాయకుడు జైలులో, చేత డబ్బు శూన్యము. జనులు అలసిపోయి తమ ఇండ్లకు తిరిగి వచ్చిరి. ఐగుప్తునుండి బయలుదేరిన ఇశ్రాయేలీయులు వెనుకకు పోలేదు. చీరాలవారు వెనుకకు రావలసివచ్చెను. గోపాలకృష్ణయ్యగారు విడుదలయైన తరువాత కొంతకాలము కాంగ్రెసు పనిలోనుండిరి గాని ఆరోగ్యము చెడెను. ఆస్తి ఏమియు మిగుల్చుకొనలేదు. క్షయవ్యాధితో, పేదరికములో, 1928 జూన్ 10వ తేదీన కన్ను మూసిరి. అప్పటికి ఆయనకు ముప్పది తొమ్మిది సంవత్సరములు మాత్రమే. విజయవాడలో ఆంధ్రరత్న భవనము అను పేరు వినినవారు చాలమంది ఉన్నారు. ఆ పేరు ఈయనదే.

అయినయెడల ఆ పదకొండు నెలలు వృథాయేనా? లెక్క పుస్తకము చూచువారికి అట్లే కనబడును. మాకు అట్లు తోచదు. ఆ సంవత్సరమే అదే బాపట్ల తాలూకాలోని పెదనందిపాడు ప్రాంతపు రైతులు పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున శిస్తు నిరాకరించుటకు లేచిరి. మన నల్లమల అడవుల అంచుననున్న పల్నాటిలో, పశువులను అడవిలో మేపుకొనుటకు కట్టవలసిన పుల్లరిని జనులు నిరాకరించిరి. అక్కడ కన్నెగంటి హనుమంతుగారు 1922లో పోలీసు తుపాకి గుండ్లకు ప్రాణము విడిచిరి. ఒక ఊరివారు నిలిచినప్పుడు ప్రక్క ఊరివారికి నిలుచుట సాధ్యమని తెలియును. ప్రభుత్వమునకు కూడ ఒక సంగతి తెలిసెను: పాలింపబడువారు మందలోని పశువులు కారు, వారిని అడుగకుండ వారి మీద భారము మోపిన యెడల వారు ఇల్లు విడుచుటకైనను సిద్ధపడుదురు. నిలుచుటవలన కలుగు ఫలము నిలిచినవారి చేతికే వచ్చునని ఎక్కడను వ్రాయబడలేదు. విత్తువాడొకడు, కోయువాడొకడు.

ఇప్పుడు మన ప్రాంతపు సంగతికి వచ్చెదము. శ్రీశైలము ఆనకట్టకు 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1981లో నీరు నిలుపవలసిన సమయము వచ్చెను. కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో కృష్ణా తుంగభద్రల ఒడ్డుననున్న సుమారు నూరు గ్రామములు, ఇంచుమించు లక్షమంది జనులు, స్థానము తప్పిరి. ఇండ్లు పడగొట్టించి జనులను లేపివేసిరి. చీరాలవారు తమంతట తాము బయలుదేరిరి, అలసినప్పుడు వారికి తిరిగి వచ్చుటకు ఇల్లు ఉండెను. మన నదీతీరపు జనులు తమ యిష్టమున బయలుదేరలేదు, వారికి తిరిగి వచ్చుటకు ఊరే లేకపోయెను. వేసవిలో నీరు తగ్గినప్పుడు సంగమేశ్వరము గుడి బయటపడుట చూడ అనేకులు పోవుదురు. ఆ నీటి క్రింద ఉన్నది గుడి ఒకటే కాదు. పొయ్యిలు, కళ్లములు, సమాధులు కూడ ఉన్నవి.

ఆ నిర్వాసితుల కుటుంబములకు ఉద్యోగములు ఇచ్చుటకై 1986లో ప్రభుత్వము 98వ నంబరు జీవో ఇచ్చెను. మన ప్రాంతములో 98 జీవో అనిన తెలియనివారు లేరు. దాని అమలు కొరకు వారు అర్జీలు పెట్టిరి, దీక్షలు చేసిరి, కార్యాలయముల ముందు కూర్చుండిరి. ఎదురుచూచుచుండగానే యౌవనస్థులు వృద్ధులైరి. కుడిగట్టు విద్యుత్కేంద్రము ఒక్కటే 770 మెగావాట్ల శక్తి గలది. వారు విడిచిన నేల మీద నిలిచిన నీటివలన పుట్టిన వెలుగు మన యిండ్లలోను, మన ప్రార్థనా మందిరములలోను వెలుగుచున్నది. అట్టివారు ఒక చెట్టు క్రిందనో గుడారము క్రిందనో న్యాయము కొరకు కూర్చుండినప్పుడు మనము ఆ దారిన పోవుచు ఏమి చేయుచున్నాము? లేవీయుడు ప్రక్కగా పోయినట్లు పోవుచున్నామా? ఒక గంట వారితో కూడ కూర్చుండుచున్నామా?

సంఘస్థులలో కొందరు ఒక అభ్యంతరము చెప్పుదురు. అధికారులకు లోబడవలెనని అపొస్తలుడైన పౌలు బోధించెను గదా, భక్తులకు ధర్నాలతో పని ఏమి అని అడుగుదురు. ఇది తోసివేయదగిన ప్రశ్న కాదు. ప్రార్థన మాని వీధిలో తిరుగుట భక్తి కాదు. రాళ్లు రువ్వుట, బస్సులు తగులబెట్టుట, ఎవరో ఇచ్చిన డబ్బు కొరకు జెండా పట్టుట, వీటిని మేము సమర్థింపము. అయితే చీరాలవారు ఏమి చేసిరో చూడుడి. వారు మొదట అర్జీలు పెట్టిరి. ఎవరిమీదను చేయి ఎత్తలేదు. శిక్ష పడినప్పుడు దాగికొనక జైలుకు పోయిరి. శిక్షను తలవంచి భరించువాడు చట్టమును హేళన చేయువాడు కాడు. పౌలు కూడ ఫిలిప్పీ పట్టణములో, విచారణ లేకుండ తమను కొట్టించిన అధికారులు రహస్యముగా వెళ్లగొట్టచూచినప్పుడు ఊరకుండలేదు. వారే వచ్చి తమను వెలుపలకు తీసికొనిపోవలెనని పట్టుపట్టెను. న్యాయము అడుగుట తిరుగుబాటు కాదు.

గోపాలకృష్ణయ్యగారి జీవితమునుండి మనము నేర్చుకొనదగినది కష్టమైనది కాదు. అందరికిని ఎడిన్‌బరో చదువు దొరకదు. అందరును పద్యములు చెప్పలేరు. కాని రామనగరములో పాక వేసికొన్న పదమూడు వేలమందిలో ఎక్కువమందికి ఆ చదువు లేదు. వారు చేసినది అక్కడ ఉండుట. మన గ్రామములో త్రాగునీటి కుళాయి కొరకు స్త్రీలు ఖాళీ బిందెలతో పంచాయతి ఆఫీసు ముందు నిలిచినప్పుడు, పురుషులు అరుగు మీద కూర్చుండి వారిని చూచి నవ్వకుందురు గాక. ఉపాధి పని కూలి రాలేదని కూలివారు మండలాఫీసుకు పోవునప్పుడు, చదువు వచ్చినవాడు ఒకడు వారితో కూడ పోయి అర్జీ వ్రాసిపెట్టును గాక. ఒక చెంచు కుటుంబమునకు అన్యాయము జరిగినదని వినినప్పుడు, అది వారి సంగతి అని అనకుందుము గాక. ఇంటిలో కూర్చుండి అయ్యో పాపము అనుటకు ఖర్చు లేదు. పోయి ప్రక్కన నిలుచుటకు ఒక పూట కూలి పోవును, ఎండ తగులును, ఒకప్పుడు పెద్దల కోపము కూడ తగులును. ఆ కోపమునకు భయపడియే తెకోవ ఊరి ఘనులవలె అనేకులు ఇంటనే ఉందురు.

పోవునప్పుడు ముందుగా సంగతి విచారించుకొని పొండి. న్యాయమైనదని తోచిన తరువాత ఫొటో తీయించుకొని తిరిగి రాక, చివరవరకు ఉండుడి. గెలుపు కలిగినను కలుగకపోయినను, మీ ప్రక్కన కూర్చుండిన మనిషి ఆ రాత్రి తాను ఒంటరివాడు కాడని తెలిసికొని ఇంటికి పోవును. చీరాలలో ఆ పదకొండు నెలలును జనులను నిలిపినది ఆ తెలివియే.

మన ఊరి ప్రాకారములో మన యింటికి ఎదురుగానున్న భాగము ఏదో దేవుడు మనకు చూపించి, దానియొద్దకు నడిచిపోవు కాళ్లను మనకు దయచేయును గాక. ఆమేన్.